విషవాయువును ఎదుర్కొనే ప్రణాళిక: కర్నూలు ఎండకు, గాలికి, నీళ్లకు తగ్గట్టు వేసుకోవడం ఎలా

రసాయన, జీవ, అణు ఆయుధాలను ఎదుర్కోవడానికి సైన్యాలు రాసుకున్న ప్రణాళికలన్నీ మూడు పనుల చుట్టూ తిరుగుతాయి: విషం అంటకుండా తప్పుకోవడం, తప్పుకోలేని చోట కాపాడుకోవడం, అంటితే కడుక్కోవడం. ఊరికీ ఇవే మూడు పనులు. తేడా ఏమిటంటే సైనికుడి దగ్గర మాస్కు ఉంటుంది, అతనికి శిక్షణ ఉంటుంది, వరసలో నిలబడమంటే నిలబడతాడు. ఊళ్లో జనం లుంగీల్లో, చీరల్లో, పిల్లల్ని చంకనేసుకుని, ఆటోల్లో నేరుగా పెద్దాసుపత్రి గేటుకు వస్తారు. కర్నూలులో ప్రణాళిక వేసేవాళ్లు ముందు ఊహించుకోవాల్సింది ఈ గేటునే.

1995 మార్చి 20న టోక్యో మెట్రోలో సారిన్ అనే, నరాల మీద పనిచేసే విషంతో దాడి జరిగినప్పుడు దగ్గర్లోని సెయింట్ లూక్స్ ఆసుపత్రికి ఒక్కరోజులో 640 మంది వచ్చారు. ఎక్కువమంది అంబులెన్సుల్లో రాలేదు. నడిచొచ్చారు, టాక్సీల్లో వచ్చారు, దారినపోయే బళ్లలో వచ్చారు. బయట కడగకుండానే లోపలికి తీసుకున్నారు. దాంతో వాళ్ల బట్టల్లో పట్టిన విషం గదుల్లోకి ఆవిరైంది. తర్వాత అడిగితే 472 మంది సిబ్బందిలో 110 మంది తమకూ లక్షణాలు కనిపించాయని చెప్పారు. ప్రమాద స్థలంలో ఎంత పకడ్బందీగా కట్టడి చేసినా చాలామంది దాన్ని దాటేసి ఆసుపత్రికి చేరిపోతారు. అందుకే కడిగే వరస ఒకటి అక్కడ, ఇంకొకటి ఆసుపత్రి గేటు బయట ఉండాలి. ఒక్కదానికే వనరులు ఉంటే గేటు దగ్గరే పెట్టండి.

ముందు ఏం రావచ్చో రాసుకోండి

పేరు వినగానే గుండె జారే వాటితో మొదలుపెట్టవద్దు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర మొదటిసారి పెద్ద ఎత్తున వదిలిన యుద్ధ వాయువు క్లోరిన్. ఇప్పుడు అదే క్లోరిన్ మన తాగునీటి శుద్ధి కేంద్రాల్లో 900 కిలోలు పట్టే పెద్ద సిలిండర్లలో, అంటే టన్నర్లలో ఉంటుంది. శీతల గిడ్డంగుల్లో, ఐసు ఫ్యాక్టరీల్లో అమ్మోనియా ఉంటుంది. 2020 మే 7న విశాఖలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి 12 మందిని బలి తీసుకుంది. ఆ తర్వాతి నెలలో అప్పటి కర్నూలు జిల్లాలోని నంద్యాలలో అమ్మోనియా లీకై ఒకరు చనిపోయారు. దాడైనా ప్రమాదమైనా గేటు దగ్గర చేయాల్సిన పని ఒక్కటే. 44వ నంబరు జాతీయ రహదారి మీద పోయే ట్యాంకర్లను కూడా పట్టికలో చేర్చండి. వాటిలో ఏముందో వెనకున్న నారింజ రంగు పలక మీది నాలుగంకెల ఐక్యరాజ్యసమితి సంఖ్య చెబుతుంది: క్లోరిన్‌కు 1017, అమ్మోనియాకు 1005. కంట్రోల్ రూంలో ఫోనెత్తే మనిషి అడగాల్సిన మొదటి ప్రశ్న ఆ నంబరు ఎంత అన్నదే.

పట్టికలో ప్రతి పదార్థం పక్కన మూడే విషయాలు రాయండి. గాలికంటే బరువా, తేలికా? చర్మానికి అంటుకుని ఉంటుందా, గాలిలో కలిసిపోతుందా? నీళ్లు తగిలితే ఏమవుతుంది? క్లోరిన్ గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు. అది వంకల్లో, మెట్ల కింద, సెల్లారుల్లో కూర్చుంటుంది. జనాన్ని గాలికి అడ్డంగా, మెరకకు, డాబాల పైఅంతస్తులకు పంపాలి. అమ్మోనియా తేలికే గానీ ట్యాంకు నుంచి చల్లగా పొగమంచులా బయటికొచ్చినప్పుడు అదీ నేలనే పాకుతుంది. తేలిక గదా అని డాబా మీదికి ఎక్కించేముందు ఆ పొగ ఎటు పోతోందో చూడండి. లీకవుతున్న క్లోరిన్ సిలిండరు మీద నీళ్లు కొట్టకూడదు. తడి క్లోరిన్ ఆమ్లమై లోహాన్ని తినేసి కన్నాన్ని పెద్దది చేస్తుంది. శిక్షణ ఉన్న మనిషి, ఊపిరి సిలిండరు తగిలించుకుని, టన్నరును దొర్లించి కన్నం పైకి వచ్చేలా తిప్పితే ద్రవానికి బదులు వాయువు మాత్రమే వస్తుంది. ద్రవ క్లోరిన్ ఒక లీటరు ఆవిరైతే 450 లీటర్లకు పైగా వాయువవుతుంది కాబట్టి ఈ ఒక్క పని లీకు తీవ్రతను ఎన్నో రెట్లు తగ్గిస్తుంది.

మొదటి దూరాలు కంఠతా ఉండాలి. ఏం పదార్థమో తెలియకపోతే చుట్టూ 100 మీటర్లు ఖాళీ చేయించండి. చిన్న క్లోరిన్ లీకుకు చుట్టూ 60 మీటర్లు, చిన్న అమ్మోనియా లీకుకు 30. గాలివాలులో రక్షించాల్సిన దూరం పగటికంటే రాత్రి చాలా ఎక్కువ. రాయలసీమలో ఇది మరీ నిజం. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఆకాశం నిర్మలంగా ఉండి నేల త్వరగా చల్లారుతుంది, గాలి కదలదు, వాయువు పైకి లేవకుండా దుప్పటిలా పరుచుకుంటుంది. భోపాల్‌లో 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి అంతమంది చనిపోవడానికి ఆ వేళ కూడా ఒక కారణం. కర్నూలులో జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచి. చలికాలంలో తూర్పు, ఈశాన్యం నుంచి. అందుకే ఒకే ఊరికి రెండు పటాలు గీసుకోవాలి. ఆసుపత్రి మేడ మీద, ఫైర్ స్టేషన్ మీద గాలిగుడ్డ ఒక్కోటి కట్టండి. ఖర్చు వందల్లోనే. అది లేకపోతే ఎవరో ఒకరు గుప్పెడు దుమ్ము ఎగరేసి గాలి దిక్కు చూడాల్సి వస్తుంది, రాత్రిపూట అది కనపడదు.

రేడియోధార్మికతకు వేరే కొలతలు. కవచం లేని రేడియోధార్మిక పదార్థం కనబడితే చుట్టూ 30 మీటర్లు, చిందితే 100, మంటో పొగో ఉంటే 300, బాంబు అనుమానముంటే 400 మీటర్లు లేదా అంతకంటే ఎక్కువ. మన దగ్గర ఇది వచ్చే దారి పాత ఇనుము కొట్టు. 2010లో ఢిల్లీ మాయాపురిలో కోబాల్ట్-60 అలాగే బయటపడి ఒకరు చనిపోయారు. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో సీజియం పొడితో నలుగురు చనిపోతే, భయపడి పరీక్షకు వచ్చినవాళ్లు లక్షా 12 వేల మంది. కాబట్టి గాయపడినవాళ్లకు ఒక వరస, గాయం లేకుండా భయంతో వచ్చేవాళ్లకు దూరంగా ఇంకో వరస ముందే చూసుకోండి. కొలిచే పరికరం కోసం వెతుక్కోనక్కర్లేదు. కేన్సర్‌కు రేడియేషన్ ఇచ్చే ప్రతి ఆసుపత్రిలో సర్వే మీటరు, రేడియేషన్ భద్రతాధికారి ఉంటారు. ఆ మనిషి నంబరు కంట్రోల్ రూం గోడ మీద ఉండాలి.

జీవ సంబంధమైనది వేరే కథ. దానికి కట్టడి గీత ఉండదు, వాసన ఉండదు. రోజుల తర్వాత ఓపీ రిజిస్టరులో కనబడుతుంది. దొమ్మ రోగం మన గొర్రెల కాపరులకు తెలిసిందే, ఆంత్రాక్స్ అంటే అదే. మంద ఉన్నట్టుండి చచ్చిపడితే కోయకుండా, తోలు ఒలవకుండా పశువైద్యుడికి చెప్పాలన్న మాట ప్రతి పల్లెకూ చేరితే ముందస్తు హెచ్చరిక వ్యవస్థ సగం తయారైనట్టే. కోసిన పశువు రక్తానికి గాలి తగిలాకే ఆ క్రిమి గట్టి పెంకు కట్టి గింజలా మారి, మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది.

సూట్లో ఉన్న మనిషి, మే నెల ఎండ

బయటి ఊళ్ల నుంచి తెచ్చుకున్న ప్రణాళిక ఇక్కడ కూలిపోయేది ఈ చోటే. జాతీయ విపత్తు స్పందన దళం పదో బెటాలియన్ కేంద్రం విజయవాడ దగ్గర కొండపావులూరులో ఉంది. రోడ్డు మీద కర్నూలు చేరడానికి ఆరు గంటలకు తక్కువ పట్టదు. ఆ ఆరు గంటలూ మన మనుషులే, విషం అంటకుండా ఒళ్లంతా కప్పే సూట్లలో నిలబడాలి.

సైన్యంలో ఒక లెక్క ఉంది. ఎండ, తేమ, గాలి కలిపి కొలిచే వేడి సూచికకు, సూటూ మాస్కూ వేసుకున్న మనిషి విషయంలో తేలిక పనికి సుమారు 5.5 డిగ్రీలు, మోస్తరు, బరువు పనులకు సుమారు 11 డిగ్రీలు అదనంగా కలుపుకోవాలి. కర్నూలు ఏప్రిల్, మే మధ్యాహ్నాలకు అది కలిపితే పట్టికలో ఆఖరి గడిలోకి పోతాం: మోస్తరు పనికి 20 నిమిషాలు పని, 40 నిమిషాలు విశ్రాంతి. స్ట్రెచరు మోయడం లాంటి బరువు పనికి 10 నిమిషాలు పని, 50 నిమిషాలు విశ్రాంతి. అంటే మోస్తరు పనికే ఒక స్థానంలో గంటసేపు మనిషి ఉండాలంటే ముగ్గురు కావాలి. కడిగే వరసలో ఆరు స్థానాలుంటే 18 మంది, తోడుగా నలుగురు. ఆరుగురికి శిక్షణ ఇచ్చి, ఆరు సూట్లు కొని ప్రణాళిక పూర్తయిందనుకుంటే, ఇరవై నిమిషాల తర్వాత వరసలో పడిపోయే మొదటి మనిషి మన మనిషే అవుతాడు.

సూట్లోకి దిగేముందు అర లీటరు నీళ్లు తాగించండి. బయటికొచ్చాక గంటకు లీటరు దాకా, లీటరున్నర దాటకుండా. ఓఆర్ఎస్ కలిపితే మేలు. ఎవరు ఎన్ని గంటలకు లోపలికి వెళ్లారో బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసే మనిషి ఒకరు ప్రత్యేకంగా ఉండాలి, అతనికి ఇంకో పని చెప్పకూడదు. లోపలున్నవాళ్లకు తమకేమవుతోందో తెలియదు. మాట తడబడినా, చెప్పిన పని మళ్లీ అడిగినా, చెమట ఆగినా వెంటనే బయటికి లాగండి. గడ్డం ఉంటే మాస్కు ముఖానికి అతుక్కోదు, సందుల్లోంచి గాలి చొరబడుతుంది. గడ్డం తీయలేనివాళ్లకు తలంతా కప్పి, బ్యాటరీతో గాలి వడగట్టి పంపే ముసుగులివ్వండి. ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోవాలి: డబ్బా బిగించిన మాస్కు గాలిని వడగడుతుందే గానీ ప్రాణవాయువును పుట్టించదు. సంపులోకి, గోదాములోకి, లీకున్న గదిలోకి దాంతో దిగకూడదు. అక్కడ అగ్నిమాపక సిబ్బంది వీపున తగిలించుకునే గాలి సిలిండరే దిక్కు.

విప్పే క్రమం వేసుకునే క్రమం కంటే ముఖ్యం, ఎక్కువమందికి విషం అంటేది అప్పుడే. ముందు బయటి గ్లవ్సు, బూట్లు కడగాలి. తర్వాత జతగాడు సూటు జిప్పు తీసి, బయటి ముఖం లోపలికి మడిచేలా పైనుంచి కిందికి చుట్టుకుంటూ విప్పాలి. ఆ తర్వాత మాస్కు. లోపలి గ్లవ్సు అన్నిటికంటే చివర.

గేటు దగ్గర వరస

చోటు ఎంచుకోవడం: అత్యవసర విభాగం తలుపుకు దూరంగా, గాలి తలుపు వైపునుంచి వరస వైపుకు వీచేలా, నీళ్లు లోపలికి పారకుండా కొంచెం పల్లంలో. గాలి మారితే వరసను తిప్పాల్సి వస్తుంది కాబట్టి ఆవరణలో రెండు చోట్లు గుర్తుపెట్టుకోండి. ఆ రోజున గేట్లన్నీ మూసి ఒక్కటే తెరవాలి. ప్రహరీలో టీకొట్ల పక్కన ఉండే చిన్న సందు తలుపును చాలామంది మరిచిపోతారు.

మొదటి పని బట్టలు విప్పించడం. దీన్నే బాగా చదవండి, ఎందుకంటే విషంలో అత్యధిక భాగం బట్టలతోనే పోతుంది. నీళ్ల కంటే ముందు, సబ్బు కంటే ముందు, ట్యాంకరు వచ్చేదాకా ఆగకుండా ఇది జరగాలి. చొక్కా, బనియను తల మీదుగా లాగకూడదు, ముఖానికి అంటుతుంది. ముందువైపు కత్తెరతో కత్తిరించాలి. మందపాటి బట్ట కోసే కత్తెరలు కనీసం 12 ఉంచండి, అవి త్వరగా మొద్దుబారిపోతాయి.

మన ఊళ్లో మనుషులు బజార్లో బట్టలు విప్పరు. ఆడవాళ్లు అసలే విప్పరు, ప్రాణం పోతుందన్నా విప్పరు. దానికి వాళ్లను తప్పుపట్టకండి, ఏర్పాటు చేయని ప్రణాళికనే తప్పుపట్టండి. టెంట్‌హౌస్‌తో ముందే మాట్లాడి, ఆరున్నర అడుగుల ఎత్తు పక్క పరదాలు అరగంటలో వచ్చేలా రాసుకోండి. ఆడవాళ్ల వరసలో సూట్లలో ఉన్నవాళ్లూ ఆడవాళ్లే కావాలి. సూటు వేసుకుంటే ఎవరు ఎవరో తెలియదు కాబట్టి వీపు మీద స్కెచ్‌పెన్‌తో పేరు, 'సిస్టర్' అని పెద్దగా రాయండి. వంద మందికి నైటీలు, వంద లుంగీలు, పిల్లలకు ఏవైనా చొక్కాలు మూటకట్టి ఉంచండి. తర్వాత కట్టుకోవడానికి బట్ట ఉందని కళ్లకు కనబడితేనే మనిషి విప్పుతాడు. పాతబస్తీ నుంచి బురఖాల్లో వచ్చేవాళ్లుంటారు. మైకులో తెలుగు తర్వాత వెంటనే ఉర్దూలో చెప్పాలి, ఆ మాటలు ముందే కాగితం మీద ఉండాలి.

నగల సంగతి తేల్చకపోతే వరస అక్కడే ఆగిపోతుంది. బంగారం, వెండి సబ్బుతో కడిగితే శుభ్రమవుతాయి, ఒంటి మీదే ఉండనివ్వచ్చు. పీల్చుకునేవే ప్రమాదం: మొలతాడు, తాయెత్తు దారం, పసుపుతాడు, తోలు బెల్టు, గుడ్డ పట్టీ ఉన్న వాచీ. మొలతాడు కత్తిరించాల్సిందే. పసుపుతాడుకున్న సూత్రాలను ఆమె చేతే తీయించి, ఆమె కళ్ల ముందే జిప్పు సంచిలో వేసి, నంబరు చీటీలో సగం సంచికి, సగం ఆమె మణికట్టుకు కట్టండి. ఈ నిమిషం ఖర్చుపెట్టకపోతే పది నిమిషాల గొడవవుతుంది. జడ విప్పించాలి. నూనె రాసిన జుట్టుకు జిడ్డు విషాలు బాగా పట్టుకుంటాయి కాబట్టి తలకు సబ్బు తప్పనిసరి.

తర్వాత ఏం అంటిందో చూడండి. వాయువు మాత్రమే పీల్చినవాళ్లకు బట్టలు మార్చి, కళ్లు పది పదిహేను నిమిషాలు మంచినీళ్లతో కడిగితే చాలు, వరసలో నిలబెట్టి ఆలస్యం చేయవద్దు. ద్రవం పడి, మంట లేకుండా జిడ్డుగా ఉంటే ముందు పొడి గుడ్డతో అద్ది తీయండి. రుద్ది పూయవద్దు. ముల్తానీ మట్టి ఇక్కడ నిజంగా పనికొస్తుంది, సైన్యం చర్మం మీది విషాన్ని పీల్చడానికి వాడే పొడి అదే జాతి మట్టి. చల్లి, నిమిషం ఆగి, దులిపేయాలి. కళ్లలో, గాయాల్లో పడకూడదు. ఆమ్లం, క్షారం, మంటపెట్టే ఏదైనా అయితే ఆగకుండా నీళ్లే.

నీళ్ల లెక్క ఇది. ఒక జల్లు నిమిషానికి 20 లీటర్లు, మనిషికి ఒకటిన్నర నిమిషం, అంటే 30 లీటర్లు. వంద మందికి 3,000. స్ట్రెచరు మీద వచ్చిన 20 మందికి 50 లీటర్ల చొప్పున 1,000. సిబ్బంది బూట్లకు, సూట్లకు 500. ఒక 5,000 లీటర్ల ట్యాంకరు ఒక గంటకు సరిపోతుంది, అంతే. రెండోది దారిలో ఉండాలి. ఒకటిన్నర నిమిషం మించి నిలబెట్టడం మేలు కాదు. చర్మం నాని, మిగిలింది లోపలికి ఇంకుతుంది, వెనకవాళ్లు ఆగిపోతారు. నీళ్లు గోరువెచ్చగా, 35 డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి. మే నెలలో ఎండలో నిలబడ్డ ట్యాంకరులో, మేడ మీది నల్ల ట్యాంకులో నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. వేడినీళ్లకు చర్మంలో రక్తం ఉరికి విషం ఇంకా త్వరగా లోపలికి పోతుంది. ట్యాంకరును చెట్టు నీడలో పెట్టి తడి గోనెలు కప్పండి, మొదటి మనిషిని నిలబెట్టేముందు మోచెయ్యి పెట్టి చూడండి.

ట్యాంకరు అందకపోతే రెండు ఫైరింజన్లను ఇరవై అడుగుల ఎడంతో పక్కపక్కనే నిలిపి, మధ్యలోకి తుంపర కొట్టించి, జనాన్ని ఆ సందులోంచి నడిపించవచ్చు. పీడనం తక్కువగా పెట్టమని ముందే చెప్పండి, మంటల మీద కొట్టే పీడనంతో ముసలివాళ్లు పడిపోతారు. కడిగిన నీళ్లు హంద్రీలోకి, తుంగభద్రలోకి పోకూడదు. మూడు మీటర్ల పొడవు, మూడు వెడల్పు, రెండడుగుల లోతు గుంటలో టార్పాలిన్ పరిస్తే 5,000 లీటర్లు నిలుస్తాయి. గుంట లేదని కడగడం మాత్రం ఆపవద్దు, ప్రాణం తర్వాతే నది.

బ్లీచింగ్ నీళ్లు మనుషుల మీద పోయకూడదు. అవి స్ట్రెచర్లకు, బూట్లకు, నేలకు. 33 శాతం క్లోరిన్ ఉన్న పౌడరు 150 గ్రాములు 10 లీటర్లలో కలిపితే అర శాతం ద్రావణం వస్తుంది. మన ఎండకు రేకుల గదిలో ఉంచిన సంచిలో బలం నెలల్లోనే పడిపోతుంది, సగానికి పడితే 300 గ్రాములు కావాలి. నీటి శుద్ధి కేంద్రం ల్యాబులో మూడు నెలలకోసారి పరీక్ష చేయించి, తేదీ సంచి మీదే రాయండి. యాసిడ్‌తో గానీ అమ్మోనియాతో గానీ కలవనివ్వకండి.

మందు

నరాల మీద పనిచేసే యుద్ధ విషాలు, మన పత్తి చేలల్లో కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు ఒకే కుటుంబం. గుండుసూది మొనంత కనుపాపలు, నోట్లోంచి చొంగ, ఊపిరి గురగుర, కండరాల అదురు. ఇవి చూడగానే గుర్తుపట్టే నర్సులు రాయలసీమ ఆసుపత్రుల్లో ఉన్నట్టు ఇంకెక్కడా లేరేమో. ఇది మన బలం, ప్రణాళికలో రాసుకోండి. బలహీనత నిల్వలో ఉంటుంది. వీటికి విరుగుడైన అట్రోపిన్ మన దగ్గర 0.6 మిల్లీగ్రాముల చిన్న గాజు ఆంప్యూళ్లలో వస్తుంది. తీవ్రంగా ఉన్న మనిషికి డాక్టరు 2 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, తగ్గకపోతే ఐదేసి నిమిషాలకు రెట్టింపు చేస్తూ పోతే నాలుగు విడతల్లో 30 మిల్లీగ్రాములవుతుంది, అంటే 50 ఆంప్యూళ్లు. అలాంటివాళ్లు పది మంది వస్తే 500. ఆంప్యూళ్లు ఒక్కోటి విరిచి సిరంజిలోకి లాగడానికే ఇద్దరు మనుషులు వేరుగా కావాలి. ఆపాల్సిన గుర్తు కనుపాప కాదు, ఊపిరితిత్తుల్లో తడి ఆరడం. రెండో విరుగుడు మందు ప్రాలిడాక్సిమ్ ఆలస్యమైతే పనిచేయదు, సారిన్‌కు ఆ గడువు సుమారు ఐదు గంటలు. మూర్ఛకు డయాజిపామ్. క్లోరిన్‌కు విరుగుడు మందు లేదు, ఆక్సిజనూ నెబ్యులైజరూ కావాలి. బాగానే ఉన్నానన్న మనిషికి కూడా కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు కాబట్టి వెంటనే ఇంటికి పంపవద్దు.

మాక్‌డ్రిల్ చేసేటప్పుడు

వలంటీర్ల మెడ మీద, మోచేతుల మీద, చెవుల వెనక, చంకల్లో, కాలివేళ్ల సందుల్లో పసుపు కలిపిన కొబ్బరినూనె రాసి వరసలోకి పంపండి. చివర్లో తెల్ల గుడ్డతో తుడిచి చూస్తే ఎక్కడ కడగలేదో పచ్చగా కనబడుతుంది. ఎక్కువగా చంకలు, చెవుల వెనక, కాలివేళ్ల సందులే మిగులుతాయి. విప్పాక సిబ్బంది మణికట్లు కూడా తుడవండి, గ్లవ్సుకూ సూటు చేతికీ మధ్య టేపు సరిగా అతకలేదని తెలుస్తుంది. డ్రిల్లు ఒకసారి మే నెల మధ్యాహ్నం, ఒకసారి డిసెంబరు రాత్రి చేయండి. రాత్రి డ్రిల్లులో ఎవరికీ చెప్పకుండా కరెంటు తీసేయండి. సెలవురోజున ఒకసారి స్టోరు తాళం తెరిపించి, మొదటి సూటు మనిషి ఒంటి మీదికి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. తాళంచెవి ఎవరి జేబులో ఉందో, ఆ మనిషి ఊళ్లో లేకపోతే రెండోది ఎక్కడుందో గేటు వాచ్‌మన్ కూడా చెప్పగలగాలి.